లోనర్ కారు 80 దాటనంటే: సర్వీస్ సెంటర్ బండి తీసుకునేవాళ్లకు మార్గదర్శి

మా కారు బ్రేకుల పనికి వెళ్లింది. రెండు రోజులు పడుతుందని డీలర్‌షిప్ వాళ్లు లోనర్‌గా, అంటే మన కారు బాగయ్యేదాకా వాడుకునే బండిగా, ఒక కొత్త ఎస్‌యూవీ చేతికిచ్చారు. శనివారం అందులోనే డాలస్ నుంచి శాన్ ఆంటోనియో బయల్దేరాం. ఆస్టిన్ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం ఎందుకని స్టేట్ హైవే 130 టోల్ రోడ్డు ఎక్కాను. ఆస్టిన్ దాటాక సెగీన్ దాకా ఆ రోడ్డు మీద లిమిట్ గంటకు 85 మైళ్లు. అమెరికాలో అంతకు మించిన స్పీడ్ బోర్డు ఇంకెక్కడా లేదు. ముందున్న ట్రక్కును దాటుదామని ఎడమ లేన్‌లోకి వచ్చి పెడల్ నొక్కాను. ముల్లు 80 దగ్గర ఆగింది. ఇంకా నొక్కాను. ఇంజన్ చప్పుడులో కూడా తేడా లేదు. వెనక ఒక పికప్ ట్రక్కు వచ్చి బంపర్‌కి అంటుకుంది. "గ్యాస్ అయిపోయిందా?" అని మా ఆవిడ, "కారు పాడైందా నాన్నా?" అని వెనక సీట్లోంచి మా వాడు.

ఏమీ పాడవలేదు. నాకిచ్చిన తాళంచెవికి 80 దాటకుండా కట్టడి పెట్టి ఉంది, అంతే. ఆ రోజు పొద్దున కాగితాల మీద ఏడెనిమిది చోట్ల సంతకాలు పెట్టాను. ఈ ముక్క మాత్రం కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత నేను అయిదారు లోనర్లు నడిపాను, స్నేహితులకూ ఇప్పించాను. నాకు అర్థమైంది ఒకటే: లిమిట్ ఉండటం ఇబ్బంది కాదు, దాని సంగతి తెలియకుండా ఫ్రీవే ఎక్కడమే ఇబ్బంది. తెలుసుకోవడానికి పది నిమిషాలు చాలు, కాకపోతే ఆ పది నిమిషాలు డీలర్‌షిప్ గేటు దాటకముందే పెట్టాలి. నేను చేసే వరుసలోనే చెబుతాను.

మొదటి పని: అపాయింట్‌మెంట్ రోజునే అడగడం

చాలా లోనర్లలో ప్రత్యేకంగా పెట్టిన లిమిట్ ఏదీ ఉండదు. ఉన్నచోట దానికి వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఈ బండ్లు కొత్తవి. కొన్ని నెలలు లోనర్‌గా తిరిగి, కొద్ది మైళ్లతోనే అమ్మకానికి వెళ్తాయి. పైగా కొత్త ఇంజన్‌ని మొదట్లో మెల్లగా నడపాలని తయారీదారులే చెబుతారు. బీఎండబ్ల్యూ మాన్యువల్ చూస్తే పెట్రోల్ కార్లను మొదటి 1,200 మైళ్ల వరకు 100 మైళ్ల వేగం, ఇంజన్ తిరిగే వేగం 4,500 ఆర్‌పీఎం దాటించొద్దని ఉంటుంది. ఓడోమీటర్ మీద 400 మైళ్లున్న బండిని ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికిచ్చే మేనేజర్‌కి ఆ మాత్రం భయం ఉండదా?

అందుకే సర్వీస్ బుక్ చేసేటప్పుడే ఫోన్‌లో మూడు సంగతులు కనుక్కోండి. లోనర్ దొరుకుతుందా, లేక అద్దె కార్ల కంపెనీకి పంపుతారా? రోజుకు ఎన్ని మైళ్ల వరకు తిరగొచ్చు, రాష్ట్రం దాటొచ్చా? టాప్ స్పీడ్ సెట్టింగ్ ఏమైనా పెడతారా? మూడో ప్రశ్నకి చాలామంది సర్వీస్ అడ్వైజర్లు "తెలియదు" అంటారు. అబద్ధం కాదు, లోనర్ బండ్ల వ్యవహారం వేరేవాళ్లు చూస్తారు. వాళ్ల దగ్గర కనుక్కొని చెప్పమనండి. దూరప్రయాణం ఉంటే ముందే చెప్పేయండి. "శనివారం శాన్ ఆంటోనియో వెళ్తున్నాం" అని నేను ముందే అని ఉంటే కథ అక్కడితో ముగిసేది.

కౌంటర్ దగ్గర: ఏ రకం కట్టడి?

"స్పీడ్ లిమిటర్" అని అందరం ఒకే మాట అంటాం గానీ, అందులో అరడజను వేర్వేరు సంగతులున్నాయి. ఏది ఏదో తెలిస్తేనే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది. ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

మొదటిది తాళంచెవికి కట్టేసిన లిమిట్. ఫోర్డ్ మైకీ దీనికి పాత ఉదాహరణ. 2010 మోడల్ ఫోకస్‌తో వచ్చింది, పిల్లలకు కారిచ్చే తల్లిదండ్రుల కోసం చేసింది. ఒక తాళంచెవి అడ్మిన్ కీగా ఉంటుంది, రెండోదాన్ని మైకీగా మారుస్తారు. మొదట్లో 80 ఒక్కటే ఉండేది. తర్వాతి బండ్లలో 65, 70, 75, 80 లలో ఏదైనా పెట్టుకోవచ్చు. మైకీతో బండి నడిపినంతసేపూ ఆ అంకె దాటదు. పెడల్ ఎంత తొక్కినా పోదు, మెనూలో ఎంత వెతికినా పోదు. అది తీయాలంటే అడ్మిన్ కీ కావాలి, అది డీలర్ డ్రాయర్‌లో ఉంటుంది. స్పీడొక్కటే కాదు, పాటల వాల్యూమ్‌కి కూడా హద్దు పెట్టొచ్చు. సీట్ బెల్ట్ పెట్టుకునేదాకా ఆడియో మోగదు. రేడియో మొరాయిస్తోందని డీలర్‌కి ఫోన్ చేసే ముందు బెల్ట్ చూసుకోండి.

జీఎం కార్లలో ఇదే పని చేసేది టీన్ డ్రైవర్. 2016 షెవర్లే మాలిబూతో మొదలైంది. దీనికి నాలుగంకెల పిన్ ఉంటుంది, ఆ పిన్‌తో ఒక తాళంచెవిని నమోదు చేస్తారు. లిమిట్ పెడితే బండి 85 దగ్గర ఆగుతుంది. అంతకన్నా తక్కువ స్పీడ్ దగ్గర హెచ్చరిక మోగేలా విడిగా ఇంకో సెట్టింగ్ ఉంది. వోల్వోలో కేర్ కీ అంటారు, 2021 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఇస్తున్నారు. అప్పుడే వోల్వో తన కొత్త కార్లన్నిటినీ గంటకు 180 కిలోమీటర్లకు, అంటే 112 మైళ్లకు కట్టేసింది. కేర్ కీతో దాన్ని ఇంకా కిందికి దించొచ్చు.

రెండో రకం తాళంచెవితో పనిలేకుండా స్క్రీన్‌లో పిన్‌తో బిగించేది. టెస్లాలో స్పీడ్ లిమిట్ మోడ్ అని ఉంటుంది. 50 నుంచి 120 మైళ్ల మధ్య ఎంతైనా పెట్టొచ్చు, నాలుగంకెల పిన్ లేకుండా తీయలేం. ఆ అంకెకు మూడు మైళ్ల దూరంలోకి రాగానే టింగుమంటుంది. దాంతోపాటే వ్యాలే మోడ్ అని ఇంకొకటి ఉంది, హోటల్లో పార్కింగ్ కుర్రాడికి కారిచ్చేటప్పుడు వాడేది. దానిలో 70 దాటదు, పవర్ తగ్గుతుంది, ముందు డిక్కీ, గ్లవ్ బాక్స్ తెరుచుకోవు. లోనర్‌లో గ్లవ్ బాక్స్ తెరుచుకోకపోతే, స్పీడూ 70 దగ్గరే ఆగితే, కారు వ్యాలే మోడ్‌లో ఉందేమో చూడమనండి.

మూడోది మనమే పొరపాటున పెట్టుకునేది. ఫోన్ చేసి సాయం అడిగిన నా స్నేహితుల్లో సగం మంది కేసు ఇదే! స్టీరింగ్ మీద లిమ్ అని రాసిన బటన్ గానీ, లిమిట్ బొమ్మ గానీ చాలా యూరప్ కార్లలో ఉంటుంది. హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 లాంటి వాటిలో వేగాన్ని ఒకేలా నిలిపి ఉంచే క్రూజ్ బటన్‌ని నొక్కి పట్టుకుంటే క్రూజ్ బదులు మాన్యువల్ స్పీడ్ లిమిట్ ఆన్ అవుతుంది. కొత్త బండి, ఏ బటన్ ఏదో తెలియదు, వేలు కాస్త ఎక్కువసేపు ఆగింది, ఇక కారు 62 దగ్గర బిగుసుకుపోయింది. దీన్ని వదిలించుకోవడం తేలిక. పెడల్‌ని అడుగంటా నొక్కితే, అడుగున టిక్కుమని తగిలే చోటు దాటగానే, లిమిట్ పక్కకు తప్పుకుంటుంది. అదే బటన్‌తో పూర్తిగా తీసేయొచ్చు.

నాలుగోది డ్రైవ్ మోడ్. కొన్ని చిన్న ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీ పొదుపు కోసం మోడ్ మారిస్తే స్పీడ్ కూడా తగ్గిపోతుంది. ఫియట్ 500ఈ లో షెర్పా అనే మోడ్ ఉంది, అందులో 50 మైళ్లే గరిష్ఠం. మీకన్నా ముందు తీసుకున్నవాళ్లు ఆ మోడ్‌లోనే వదిలేసి ఉండొచ్చు.

అయిదోది ఉత్త హెచ్చరిక. ఇండియాలో కారు నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. 2019 జూలై నుంచి అక్కడ తయారయ్యే కార్లన్నీ 80 కిలోమీటర్లు దాటితే అప్పుడప్పుడూ, 120 దాటితే ఆగకుండా బీప్ కొడతాయి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ మోత మధ్య మాట్లాడుకోవడం మనకు అలవాటే. అది చెవికి చేసే కట్టడి, ఇంజన్‌కి కాదు. అమెరికాలో అలాంటి హెచ్చరికనే 2030 మోడల్ కార్లకు తప్పనిసరి చేద్దామని కాలిఫోర్నియా శాసనసభ ఒక బిల్లు పాస్ చేస్తే, గవర్నర్ న్యూసమ్ 2024లో తిప్పి పంపారు.

ఆఖరిది అసలు లిమిటర్ కాదు, జబ్బు. ఇంజన్‌లోనో గేర్‌బాక్స్‌లోనో తేడా వస్తే బండి తనను తాను కాపాడుకోవడానికి లింప్ మోడ్‌లోకి వెళ్తుంది. చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది, పికప్ పోతుంది, 35, 40 దాటడానికి ఆయాసపడుతుంది. లిమిట్ పెట్టిన కారు ఆ అంకె దాకా హాయిగా వెళ్లి అక్కడ ఆగుతుంది, లింప్ మోడ్ కారు మొదటి నుంచీ ఈడుస్తుంది. తేడా ఇదే. లింప్ అనిపిస్తే ఫ్రీవే దిగి, భద్రమైన చోట ఆపి, అగ్రిమెంట్ మీదున్న రోడ్‌సైడ్ నంబర్‌కి ఫోన్ చేయండి.

ఇవి కాక, ప్రతి కారుకీ ఫ్యాక్టరీ పెట్టే పైహద్దు ఒకటుంటుంది. చాలావాటికి అది టైర్ల రేటింగ్‌ని బట్టి వస్తుంది: ఎస్ అక్షరం ఉంటే 112 మైళ్లు, టీ అయితే 118, హెచ్ అయితే 130. అది మీకు తగిలిందంటే ఈ వ్యాసం మీకు పనికిరాదు, లాయర్ కావాలి.

కౌంటర్‌లో ఇదంతా వివరించక్కర్లేదు. ఇలా అడగండి: "ఈ తాళంచెవికి టాప్ స్పీడ్ ఏమైనా సెట్ చేశారా? మైకీ, టీన్ డ్రైవర్, వ్యాలే మోడ్ లాంటివి ఉంటే అంకె ఎంతో అగ్రిమెంట్ మీద రాసివ్వండి." మోడ్ పేరు పలికితే జవాబు వచ్చే తీరే మారుతుంది.

పార్కింగ్‌లో: స్టార్ట్ చేసిన మొదటి పది సెకన్లు

మనం సాధారణంగా స్టార్ట్ కొట్టగానే ఫోన్ కనెక్ట్ చేసే పనిలో పడతాం. సరిగ్గా అప్పుడే స్పీడోమీటర్ పక్కన అసలు సమాచారం వచ్చి పోతుంది. మైకీ ఉంటే మైకీ యాక్టివ్ అని, స్పీడ్ లిమిట్ పెట్టి ఉంటే ఆ అంకె కూడా చూపిస్తుంది. టీన్ డ్రైవర్ ఉన్నా అలాగే చెబుతుంది. చూడటం మిస్సయితే ఇంజన్ ఆపి, తలుపు తెరిచి, మళ్లీ స్టార్ట్ చేయండి. నేనైతే ఫోన్‌తో వీడియో తీసేస్తాను. ఎలాగూ గీతలూ సొట్టలూ తీయాలి కదా, అదే వీడియోలో ఓడోమీటర్, గ్యాస్ ముల్లు, స్టార్టప్ మెసేజ్ కూడా వచ్చేస్తాయి.

తర్వాత మెనూ. ఫోర్డ్‌లో వెహికల్ సెట్టింగ్స్ కింద మైకీ అనే పేజీలో అడ్మిన్ కీలు ఎన్ని, మైకీలు ఎన్ని అని లెక్క ఉంటుంది. మైకీల దగ్గర సున్నా ఉంటే ఆ గొడవ లేనట్టే. టెస్లాలో కంట్రోల్స్‌లో సేఫ్టీ పేజీ చూడండి. డ్రైవ్ మోడ్ నార్మల్‌లో ఉందా, స్టీరింగ్ మీద లిమిట్ బటన్ ఏది, దాన్ని ఆపేదెలా అన్నవి కూడా అక్కడే, బండి కదలకముందే చూసుకోవాలి. అర్థం కాకపోతే లోపలికి వెళ్లి ఎవరినైనా పిలవండి. మొహమాటం వద్దు, వాళ్లకది రోజూ ఉండే పనే.

లిమిట్ ఉందని తేలితే, అక్కడే తీయమని అడగొచ్చు. కారణం చెప్పి అడిగితే చాలాసార్లు తీస్తారు: "నేను వెళ్లే రోడ్డు మీద లిమిట్ 85, ఈ బండి 75 దగ్గర ఆగుతుంది, లేన్ మారేటప్పుడు ప్రమాదం." అడ్మిన్ కీ దగ్గరుంటే అయిదు నిమిషాల పని. లేదు, మా పాలసీ ఇంతే అంటే ఇంకో బండి అడగండి. అదీ లేకపోతే నిర్ణయం మీదే. ఊళ్లో ఆఫీసుకీ, కాస్ట్‌కోకీ, బాలవికాస్ క్లాసుకీ తిరగడానికి 75 చాలదా? చాలు. నేనైతే తీసుకుంటాను. దూరప్రయాణానికి తీసుకోను.

యూట్యూబ్‌లో చూసి మీరే తీసే ప్రయత్నం మాత్రం చేయకండి. పిన్ ఊహించడం, డాష్‌బోర్డ్ కింది పోర్టులో ఏదో పరికరం గుచ్చడం... కారు మీది కాదు. సంతకం పెట్టిన అగ్రిమెంట్ దాటి చేసిన మార్పు రేపు ఇన్సూరెన్స్ దగ్గర మీ మెడకు చుట్టుకుంటుంది.

ఫ్రీవే ఎక్కాక

లిమిట్ ఉన్న బండితో ఫ్రీవే మీది ట్రాఫిక్‌లో కలవడంలో (మెర్జ్ అవడంలో) మామూలుగా ఇబ్బందేమీ రాదు. ర్యాంప్ మీద 65 అందుకోవడానికి మైకీ, టీన్ డ్రైవర్ లాంటి లిమిట్లు అడ్డు రావు. పికప్ మామూలుగానే ఉంటుంది. ఇబ్బంది దాటేటప్పుడే. ఒక్కసారి లెక్క చూద్దాం.

పెద్ద సెమీ ట్రక్కు పొడవు సుమారు 70 అడుగులు. వెనక తగినంత ఎడం నుంచి మొదలుపెట్టి, దాన్ని దాటి, ముందు తగినంత ఎడంతో కుడికి రావాలంటే మనం దానికన్నా ఓ 300 అడుగులు ఎక్కువ ప్రయాణించాలి. ట్రక్కు 75 మీద వెళ్తోంది, మన లిమిట్ 80. తేడా 5 మైళ్లు, అంటే సెకనుకు 7 అడుగుల చిల్లర. దాటడానికి 41 సెకన్లు పడుతుంది. ఆ 41 సెకన్లలో రోడ్డు మీద 4,800 అడుగులు, మైలుకు కాస్త తక్కువ, ఎడమ లేన్‌లో అలాగే ఉంటాం. వెనకవాడికి మన లిమిటర్ కనపడదు. పంతానికి లేన్ ఆపేశామనుకుంటాడు. అదే ట్రక్కు 70 మీద వెళ్తుంటే పని 20 సెకన్లలో, అర మైలులోపు అయిపోతుంది.

కాబట్టి మీ లిమిట్‌కీ ముందు బండి స్పీడ్‌కీ పది మైళ్ల తేడా లేకపోతే దాటే ఆలోచనే పెట్టుకోకండి. కుడి లేన్‌లో క్రూజ్ వేసుకొని వెళ్లండి. ఎదురుగా బండ్లు వచ్చే రెండు లేన్ల రోడ్డు మీద అయితే ఇది సలహా కాదు, ప్రాణాల మాట. వెస్ట్ టెక్సాస్‌లో అలాంటి రోడ్లు 75 మీద నడుస్తాయి. అక్కడ ఓవర్‌టేక్ సగంలో పెడల్ చచ్చుబడితే వెనక్కి తగ్గడం తప్ప ఇంకో దారి ఉండదు.

తెలియక అప్పటికే ఎడమ లేన్‌లో ఇరుక్కుంటే? నేను పెడల్‌ని దబదబా కొట్టాను. దాంతో ఏమీ రాదు. పెడల్ అలాగే పట్టుకోండి, కుడి ఇండికేటర్ వేయండి. ట్రక్కు పక్కకి పూర్తిగా రాకపోయి ఉంటే మెల్లగా పెడల్ వదిలి దాని వెనక్కి చేరండి. సగం దాటేసి ఉంటే కంగారు పడకుండా దాటడమే పూర్తిచేయండి. వెనకవాడి హారన్ వాడి గోల. ఇంకో సంగతి: ఇలాంటి లిమిట్లు చాలావరకు ఇంజన్ పవర్‌ని ఆపుతాయే గానీ బ్రేక్ వేయవు. పల్లంలో బండి దానంతటదే 80 దాటగలదు. లిమిట్ ఉందిగా అని స్పీడోమీటర్ చూడటం మానేయకండి.

లిమిటర్ కన్నా జాగ్రత్త పడాల్సింది

లిమిటర్‌ని చూసి చిరాకు పడతాం గానీ, ఆ కారు మన గురించి ఏమేం రాసుకుంటోందో పట్టించుకోం. టీన్ డ్రైవర్ నమోదై ఉన్న జీఎం కారులో రిపోర్ట్ కార్డ్ ఉంటుంది. ఎంత దూరం తిరిగారు, అత్యధిక స్పీడ్ ఎంత, పెడల్ అడుగంటా ఎన్నిసార్లు నొక్కారు, గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఎన్నిసార్లు పనిచేసింది అన్నీ అందులో వస్తాయి. పిన్ ఉన్నవాళ్లు తీరిగ్గా చూసుకోవచ్చు. చాలా డీలర్‌షిప్‌లు లోనర్లను డీలర్‌వేర్, టీఎస్‌డీ లాంటి సాఫ్ట్‌వేర్లతో నడుపుతాయి. వాటిలో మైళ్లు, గ్యాస్, టోల్ లెక్కలుంటాయి. కారులో కనెక్షన్ ఉంటే ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

ప్రమాదం జరిగితే ఇంకో రికార్డు ఉంది. ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థలోని పెట్టె ఢీకొనడానికి ముందు కొన్ని సెకన్ల స్పీడ్, బ్రేక్, పెడల్ వివరాలు దాచుకుంటుంది. 2015 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వివరాలు కారు ఓనరువి, లీజులో ఉంటే లీజుదారువి. మన సొంత కారైతే మనవన్నమాట. లోనర్‌కి ఓనరు మనం కాదు!

టికెట్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. యాష్‌బర్న్, హెర్న్‌డన్ వైపు మనవాళ్లు ఎక్కువ కాబట్టి వర్జీనియా గురించి ప్రత్యేకంగా: అక్కడ 85 దాటినా, లిమిట్ మీద 20 మైళ్లు ఎక్కువ వెళ్లినా అది స్పీడింగ్ టికెట్ కాదు, రెక్‌లెస్ డ్రైవింగ్. క్లాస్ 1 మిస్‌డిమీనర్, అంటే క్రిమినల్ కేసు. 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. 2020 జూలైకి ముందు ఆ అంకె 80 ఉండేది. వీసా స్టాంపింగ్‌కి వెళ్లేటప్పుడు నింపే డీఎస్ 160 ఫారంలో అరెస్టులు, శిక్షల గురించి ప్రశ్న ఉంటుందని హెచ్1బీ వాళ్లకు గుర్తుచేయక్కర్లేదు. జార్జియాలో 85 గానీ అంతకు మించి గానీ వెళ్తే మామూలు జరిమానా మీద ఇంకో 200 డాలర్లు సూపర్ స్పీడర్ పేరుతో పడతాయి. ఆ రెండు రాష్ట్రాల్లో నడిపేవాళ్లు లోనర్ 80 దగ్గర ఆగిందని మరీ తిట్టుకోకండి.

ఇన్సూరెన్స్, డ్రైవర్లు

ఇది క్లుప్తంగా చెబుతాను, కానీ డబ్బు పోయేది ఇక్కడే. మీ కారు రిపేర్‌లో ఉన్నప్పుడు బదులు నడిపే బండికి మామూలుగా మీ సొంత పాలసీయే వర్తిస్తుంది, మీకున్న కవరేజ్ ఎంతో అంత. పాత కారే కదా అని లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టేది) మాత్రమే పెట్టుకున్నారా? అప్పుడు కొత్త లోనర్‌కి తగిలిన దెబ్బ ఖర్చు మీ జేబులోంచే. కొలిజన్ (మీరు నడిపే బండి దెబ్బకి కట్టేది) ఉంటే డిడక్టబుల్, అంటే ముందు మీరు పెట్టుకోవాల్సిన వాటా, మీది. క్రెడిట్ కార్డు అద్దె కారు కవరేజ్ మీద ధీమా పెట్టుకోకండి. అది అద్దె కంపెనీ దగ్గర ఆ కార్డుతో డబ్బు కట్టిన బండికి ఉద్దేశించింది. ముందురోజు ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఒక ఫోన్ చేసి "డీలర్ లోనర్‌కి నా పాలసీలో ఏముంది?" అని అడిగితే తేలిపోతుంది.

అగ్రిమెంట్ మీద పేరు లేనివాళ్లు నడపకూడదు. మనిళ్లలో ఇది తరచూ జరిగే తప్పు. సంతకం భర్త పెడతాడు, పిల్లల్ని స్కూల్ నుంచి భార్య తెస్తుంది. ఇద్దరి లైసెన్సులూ పట్టుకెళ్లి ఇద్దరి పేర్లూ రాయించుకోండి. ఇండియా నుంచి వచ్చిన నాన్నగారికో మామయ్యగారికో "సరదాగా ఒక రౌండ్ కొట్టండి" అని లోనర్ తాళం ఇవ్వకండి. ఆయన అక్కడ నలభై ఏళ్లు నడిపి ఉండొచ్చు, అగ్రిమెంట్‌కి అది తెలియదు.

టోల్, తిరిగి ఇవ్వడం

డాలస్‌లో లోనర్ మీద మీ టోల్‌ట్యాగ్ (టోల్ డబ్బు దానంతటదే కట్టే స్టిక్కర్) ఉండదు కాబట్టి కెమెరా నంబర్ ప్లేట్ చూసి జిప్‌క్యాష్ అనే బిల్లు ఓనరుకి, అంటే డీలర్‌కి పంపుతుంది. రేటే ఎక్కువ, డీలర్ దాని మీద ఫీజు కూడా వేయొచ్చు. కారు తీసుకున్న రోజే టోల్ అకౌంట్‌లోకి వెళ్లి ఆ నంబర్ ప్లేట్‌ని తాత్కాలిక వాహనంగా, తేదీలతో సహా చేర్చండి. న్యూజెర్సీ ఈజీపాస్‌లో, కాలిఫోర్నియా ఫాస్‌ట్రాక్‌లో కూడా ఈ వీలుంది. కాకపోతే డీలర్ సొంత టోల్ ఏర్పాటు ఆ బండికి ఉందేమో ముందు అడగండి, లేకపోతే రెండుసార్లు కడతారు.

తిరిగి ఇచ్చే రోజు గ్యాస్ తీసుకున్నప్పుడున్న గీత దాకా నింపండి. మళ్లీ ఒక వీడియో తీయండి, ఓడోమీటర్‌తో సహా. బ్లూటూత్‌లోంచి మీ ఫోన్‌ని తొలగించండి, నావిగేషన్‌లో ఇంటి అడ్రస్, గరాజ్ బటన్ నేర్పి ఉంటే అదీ చెరిపేయండి. నేను ఒకసారి లోనర్ ఎక్కి ఫోన్ కలపబోతే, నాకన్నా ముందు తీసుకున్నాయన కాంటాక్ట్స్ అన్నీ స్క్రీన్ మీద కనిపించాయి, "అమ్మ విజయవాడ" అనే పేరుతో సహా.

లిమిట్ సంగతి ముందు చెప్పకపోవడం వల్ల ఇబ్బంది పడితే తాళం ఇచ్చేటప్పుడు సర్వీస్ మేనేజర్‌కి నోటితో చెప్పి, అదే రోజు రెండు లైన్ల ఈమెయిల్ కూడా పెట్టండి. ఎక్కడ, ఎంత స్పీడ్ దగ్గర, ఏ మెసేజ్ వచ్చిందో రాస్తే చాలు. నేను రాశాక మా డీలర్‌షిప్ లోనర్ తాళాలకు చిన్న పసుపు ట్యాగులు కట్టి, వాటి మీద మార్కర్‌తో 80 అని రాయడం మొదలుపెట్టింది.

సొంత కారు తీసుకుని ఇంటికి రాగానే టోల్ అకౌంట్ తెరిచి ఆ తాత్కాలిక నంబర్ ప్లేట్ గడువు ముగిసిందో లేదో చూడండి. లేకపోతే రేపు ఆ లోనర్‌లో ఇంకొకరు తిరిగిన టోల్ మీ ఖాతాలోంచి కట్ అవుతుంది.